జరిమానా, పరిహారం, ధర: అమెరికా సెల్‌ఫోన్ ఒప్పందాలలో ముందస్తు రద్దు రుసుము

ప్రవేశిక

తెలుగులో ‘దండుగ’ అనే మాటకు అపరాధానికి చెల్లించే సొమ్ము అన్న అర్థం ఉంది. బ్రౌన్ నిఘంటువులో ఈ అర్థం కనిపిస్తుంది. నేటి వాడుకలో అది ఎక్కువగా వృథా ఖర్చునే సూచిస్తోంది. అమెరికాలో గడువు తీరకముందే సెల్‌ఫోన్ సేవను వదులుకొన్న వినియోగదారులు ఏళ్ల తరబడి చెల్లించిన సొమ్ముకు ఈ రెండు అర్థాలూ సరిపోతాయి. కంపెనీలు మాత్రం దానిని ‘ముందస్తు రద్దు రుసుము’ అన్నాయి. జరిమానా, రుసుము రెండూ పారశీక, అరబీ భాషల నుంచి పాలనా వ్యవహారం ద్వారా మనకు వచ్చిన మాటలే. కానీ రుసుములో అపరాధపు ఛాయ లేదు. ఈ సొమ్మును ఏమని పిలవాలన్న వివాదమే దాని చరిత్రలో కీలకమని నా అభిప్రాయం. ఆ వివాదాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రాయితీ ఫోను, రెండేళ్ల కట్టుబాటు

ఫోనును, సేవను కలిపి అమ్ముకోవడానికి అమెరికాలోని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 1992లో అనుమతించింది. ఫోనును అసలు ధర కంటే బాగా తక్కువకు, ఒక్కోసారి ఉచితంగా ఇచ్చి, ఆ తేడాను నెలవారీ బిల్లుల్లో రాబట్టుకొనే పద్ధతి క్రమంగా స్థిరపడింది. అందుకు ఒకటి రెండు సంవత్సరాల ఒప్పందం అవసరమైంది. మధ్యలో విడిచిపెడితే సాధారణంగా 150 నుంచి 200 డాలర్లు కట్టాలి. ఫోను మీద పెట్టిన ఖర్చు తిరిగి రావాలన్న కంపెనీల వాదనను తోసిపుచ్చలేము. అయితే చాలాకాలం ఈ మొత్తం నెలలు గడిచినా తగ్గేది కాదు. రెండో నెలలో వదిలినవారూ, ఇరవై రెండో నెలలో వదిలినవారూ ఒకే మొత్తం చెల్లించారు. వినియోగదారుల ఆగ్రహానికి మూలం ఇక్కడ ఉంది.

2003 నవంబరు 24 నుంచి పెద్ద నగరాల్లో పాత నంబరుతోనే వేరే కంపెనీకి మారే వీలు కలిగింది. నంబరు అడ్డు తొలగిన తరువాత ఈ రుసుమే ప్రధానమైన అడ్డుగా మిగిలింది. విమర్శలు పెరగడంతో కంపెనీలు దానిని నెలనెలా కొంత తగ్గించసాగాయి. కానీ 2009 నవంబరులో వెరైజన్ స్మార్ట్‌ఫోన్లపై రుసుమును 175 నుంచి 350 డాలర్లకు పెంచి, నెలకు 10 డాలర్ల చొప్పున తగ్గిస్తామన్నది. ఈ లెక్కన 24 నెలల ఒప్పందంలో 23 నెలలు నిండినా ఇంకా 120 డాలర్లు బాకీ ఉంటుంది. రాయితీని రాబట్టుకోవడమే లక్ష్యమైతే చివరి నెలకు ఇంత శేషం ఎలా మిగిలింది? కమిషన్ ఇటువంటి ప్రశ్నలతోనే వివరణ కోరింది. సెనేటర్ ఏమీ క్లోబుచార్ ప్రవేశపెట్టిన బిల్లు చట్టం కాలేదు.

పేరు కోసం న్యాయపోరాటం

ఈ ప్రశ్నకు చాలా పాత నేపథ్యం ఉంది. 16, 17 శతాబ్దాల ఇంగ్లండులో మాట తప్పితే అప్పుకు రెట్టింపు కడతానని పత్రం రాసిచ్చే అలవాటుండేది. అటువంటి పత్రాల నుంచి రుణగ్రస్తులకు చాన్సరీ న్యాయస్థానం ఉపశమనం ఇవ్వసాగింది. నష్టాన్ని ముందుగా నిజాయితీగా అంచనా వేసి రాసుకొన్న మొత్తం చెల్లుతుందని, భయపెట్టడానికి రాసుకొన్నది చెల్లదని 1915 నాటి డన్‌లప్ కేసు స్పష్టం చేసింది. అమెరికా న్యాయస్థానాలు కూడా దాదాపు ఇదే తేడాను పాటిస్తాయి.

అందువల్ల ‘జరిమానా’ అన్న పేరు పడితే కంపెనీలకు నష్టం. వారు ఎంచుకొన్న మూడో పేరు ‘ధర’. 1993 నాటి సవరణ ప్రకారం సెల్‌ఫోన్ సేవల ధరలను రాష్ట్రాలు నియంత్రించరాదు. ఇతర షరతులను నియంత్రించవచ్చు. రద్దు రుసుము కూడా ధరలో భాగమేనని ప్రకటించాలని కంపెనీల సంఘం 2005లో కమిషన్‌ను కోరింది. ఆ పేరు దక్కితే రాష్ట్ర చట్టాల కింద నడిచే వ్యాజ్యాలకు తావుండదు. ఒక్క పదం మీద ఇంత భారం మోపడం న్యాయశాస్త్రంలోనే కాదు, భాషాధ్యయనంలోనూ గమనించదగినది.

కాలిఫోర్నియాలో స్ప్రింట్‌పై సాగిన వ్యాజ్యంలో 2008లో అలమీడా కౌంటీ న్యాయస్థానం ఈ రుసుమును చట్టవిరుద్ధమైన జరిమానాగా నిర్ధారించింది. కంపెనీ వసూలు చేసిన మొత్తం సుమారు 7.4 కోట్ల డాలర్లు. రుసుమును నిర్ణయించేటప్పుడు తనకు కలిగే నష్టాన్ని కంపెనీ లెక్కించలేదని, మార్కెట్ దృష్టితోనే దానిని రూపొందించిందని సాక్ష్యం తెలిపింది. నిర్ణయాత్మకమైన అంశం ఇదే. 2011లో అప్పీలు న్యాయస్థానం జరిమానా అన్న నిర్ధారణను సమర్థించింది. వాస్తవ నష్టాన్ని మినహాయించే విషయం మాత్రం తిరిగి విచారించాలన్నది.

అదే సంవత్సరం ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కన్సెప్షన్ కేసులో తీర్పు చెప్పింది. ఉచితమని ప్రకటించిన ఫోనుపై 30.22 డాలర్ల పన్ను వేశారన్నది ఫిర్యాదు. ఒప్పందంలో మధ్యవర్తిత్వ నిబంధన ఉంటే ఎవరికి వారే వాదించుకోవాలి తప్ప సామూహికంగా కాదన్న షరతు చెల్లుతుందని 5-4 ఆధిక్యంతో తేల్చింది. 200 డాలర్ల కోసం ఒంటరిగా వాదించేవారు ఎందరుంటారు?

చివరకు మార్పును తెచ్చింది ప్రధానంగా పోటీయే. 2013లో టీ-మొబైల్ రెండేళ్ల ఒప్పందాలను వదిలివేసింది. 2014లో ఇతర కంపెనీల రద్దు రుసుమును కూడా 350 డాలర్ల వరకు తానే చెల్లిస్తానన్నది. 2016 జనవరికి ఏటీ అండ్ టీ కూడా రెండేళ్ల ఒప్పందాలను నిలిపివేసింది. ఫోను ధర వాయిదాలుగా మారింది. మధ్యలో వెళ్లేవారు మిగిలిన వాయిదాలు ఒకేసారి కట్టాలి. ఇప్పుడు దాని పేరు బాకీ. కనీసం ఈ మొత్తం దేనికో బిల్లులో కనిపిస్తుంది.

మనకు సంబంధించిన అంశాలు

అమెరికాలోని తెలుగు ఉద్యోగులకు ఈ జరిమానా–పరిహారం తేడా మరొక రూపంలో పరిచితమే. గడువుకు ముందే ఉద్యోగం మానిన హెచ్-1బి ఉద్యోగి నుంచి యజమాని జరిమానా వసూలు చేయరాదని 1998 నాటి చట్టం చెబుతుంది. నిజమైన నష్టపరిహారానికి మాత్రం అవకాశం ఇస్తుంది. ఏది ఏదో రాష్ట్ర చట్టం తేల్చాలి.

భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 74వ సెక్షను ఈ చిక్కును వేరే విధంగా విప్పింది. పేరు ఏదైనా, ఒప్పందంలో రాసిన మొత్తానికి మించకుండా సమంజసమైన పరిహారమే దక్కుతుంది. ముందే చెల్లించిన సొమ్మును జప్తు చేసుకొనే నిబంధనకూ ఈ సెక్షను వర్తిస్తుందని 1963లో ఫతేచంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మన దేశంలో సిమ్ము వేరు, ఫోను వేరు. అత్యధికులు ప్రీపెయిడ్ వాడేవారే. అందుచేత ఇక్కడ ఈ రుసుము వేళ్లూనలేదు. మినహాయింపులు లేకపోలేదు. 2003లో రిలయన్స్ ఇన్ఫోకామ్ 501 రూపాయలకే ఫోనుతో సహా కనెక్షన్ ఇచ్చి, మిగతాది నెలవారీ బిల్లులతో ముడిపెట్టింది. 2017లో జియోఫోనుకు 1,500 రూపాయలు తీసుకొని, 36 నెలల తరువాత ఫోను తిరిగి ఇస్తే ఆ సొమ్ము వాపసు చేస్తామన్నారు. అంతకు ముందే ఇస్తే మొదటి ఏడాది 1,500, రెండో ఏడాది 1,000, మూడో ఏడాది 500 రూపాయలు, పైన జి.ఎస్.టి. షరతుల్లో ఉన్నాయి. ప్రకటనల్లో కనిపించిన మాట మాత్రం ‘డిపాజిట్టు’.