గిన్నె లోపలి తెలుపు

మా ఇళ్లలో రాగి డేగ్చీలుండేవి. బయట పొగచూరి నలుపు, అంచు దగ్గర ఎరుపు, లోపల మాత్రం వెండిలాంటి తెలుపు. రాగి గిన్నె లోపల తెల్లగా ఎందుకుందని చిన్నప్పుడు అమ్మీని అడిగేవాళ్లం. 'కలై బేటా, కలై' అనేది. అంతే. ఆ తెలుపులో మా చరిత్ర ఉందని మాకు ఏ బడిలోనూ చెప్పలేదు.

ఉత్త రాగిలో పులుపు వండితే కిలుమెక్కుతుంది. ఆ కిలుము విషం. ఇత్తడిలోనూ సగానికి పైగా రాగే కాబట్టి దానికీ అదే తంటా. చింతపండు లేనిదే పూట గడవని నేల మనది. మా ఖట్టీ దాల్ అయినా, మీ చారు అయినా కళాయి లేని గిన్నెలో కాస్తే నోట పెట్టలేం.

అందుకే ఊరూరా కళాయివాలా తిరిగేవాడు. వీధి మలుపులో చిన్న గుంట తవ్వి, తోలుతిత్తి పెట్టి, బొగ్గులు రాజేసేవాడు. గిన్నెను ఇసుకతో తోమి నిప్పు మీద పెట్టేవాడు. కాగాక నవాసారం చల్లితే తెల్లటి పొగ లేచేది. రాగి మీది మకిలిని నవాసారం తినేస్తుంది. అప్పుడు తగరం తాకించేవాడు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. రాగి కరగాలంటే 1085 కావాలి. ఈ తేడా మీదే ఆ విద్యంతా నిలబడింది. దూదితో చుట్టూ ఒక్క తిప్పు తిప్పితే గిన్నె అద్దమయ్యేది.

కళాయి అన్న తెలుగు మాట మా నోటి నుంచి వచ్చిందే. అరబ్బీలో 'ఖలయీ' అంటే తగరం. అరబ్బు యాత్రికులు మలయా తీరంలో ఉందని రాసిన 'కలహ్' రేవు పేరు మీద ఆ మాట పుట్టిందని చాలామంది పండితులు అంటారు. సముద్రం దాటి వచ్చిన మాట తెలుగు వంటింట్లో ఇల్లాలి మాటైపోయింది.

అబుల్ ఫజల్ 16వ శతాబ్దం చివర రాసిన ఐన్-ఎ-అక్బరీలో పాదుషా వంటశాల రాగి పాత్రలకు నెలకు రెండుసార్లు కళాయి వేయించేవారని ఉంది. వేసినవాడి పేరు లేదు. మాకు పాఠాల్లో అక్బరును చూపించారు, ఔరంగజేబును చూపించారు. మేం నవాబుల వారసులమని మీరు నమ్మారు. మాలో కొందరూ నమ్మారు. తిత్తి ఊదినవాడు, పొగ మింగినవాడు, చేతులు కాల్చుకున్నవాడు ఎవరి వారసుడు?

మా బద్నా కొమ్మును చూసి మమ్మల్ని వేరన్నారు. వజూకు నీళ్లు సన్నని ధారగా పడాలని దానికి కొమ్ము. కొమ్ము మూతి గిన్నె అంచుకన్నా కిందుంటే నీళ్లు నిండకముందే కారిపోతాయి కనుక అది పైకి లేచి ఉంటుంది. మీ కొమ్ముచెంబుకూ అదే లెక్క. కొమ్మున్నంత మాత్రాన మాది పరాయి పాత్ర ఎలా అయింది?

కళాయి పనిలో మావాళ్లు చాలామంది ఉండేవారు. కొన్ని ఇళ్ల ముందు వాళ్లు గడప ఇవతలే నిలబడేవారు. డబ్బులు పైనుంచి అరచేతిలో పడేవి. దాహమంటే నీళ్లు దోసిట్లో పోసేవారు, చెంబు ఇచ్చేవారు కాదు. తిరిగిచ్చిన గిన్నె మీద నీళ్లు చల్లి లోపలికి తీసుకెళ్లేవారు. చల్లిన నీళ్లు జారిపోయాయి. లోపల ఆ చెయ్యి పూసిన పొర అలాగే ఉంది. మడి కట్టుకుని వండిన పప్పు ఆ పొర మీదే ఉడికింది. వంటింట్లోకి రాకూడని మనిషి చేతిపని మీద ఆ ఇల్లంతా తిని బతికింది.

స్టీలు వచ్చింది, అల్యూమినియం వచ్చింది. తిత్తులు మూలపడ్డాయి. కొందరు పంక్చరు దుకాణాలకు, కొందరు తోపుడు బళ్లకు మళ్లారు. 1992 డిసెంబరు 6 తర్వాత మమ్మల్ని మరీ గట్టిగా అడగడం మొదలుపెట్టారు, మీరెక్కడివాళ్లని. తరాలుగా మీ గుమ్మం ముందు గుంట తవ్వి కూర్చున్నవాళ్లనే అడిగారు.

మీ అటక మీద తాతమ్మ గిన్నె ఏదైనా మిగిలి ఉంటే దించండి. దుమ్ము తుడిచి లోపలికి చూడండి. అడుగున అరిగిపోయినా అంచుల దగ్గర ఇంకా కాస్త తెలుపు ఉంటుంది. అది మా పని. మేం ఎక్కడివాళ్లమో దాన్ని అడగండి.