డాక్ నుండి డాక్స్: ఒక్క అక్షరం వెనుక కథ

దస్త్రం పేరు చివర చుక్క తరువాత నిలిచే అక్షరాలు నాకు విభక్తి ప్రత్యయాలను గుర్తుచేస్తాయి. ప్రత్యయం పదానికి వాక్యంతో గల సంబంధాన్ని తెలిపినట్లు, ఇవి దస్త్రాన్ని ఏ పద్ధతిలో చదవాలో కంప్యూటరుకు తెలుపుతాయి.

వర్డ్ 97 మొదలు 2003 వరకు వెలువడిన వర్డ్ కూర్పులకు డాక్ అనే బైనరీ రూపమే ఆధారం. వేరే సాఫ్టువేరుతో దానిని తెరిస్తే పట్టికలు చెదరడం, వరుసలు తప్పడం మామూలే. ఈలోగా 2005 మే నెలలో ఓయాసిస్ సంస్థ ఓపెన్‌డాక్యుమెంట్ రూపాన్ని ప్రమాణంగా ఆమోదించింది. ఆ అక్టోబరులో వచ్చిన ఓపెన్ఆఫీస్ 2.0 దానినే అప్రమేయ రూపంగా స్వీకరించింది. 2006లో అది ఐఎస్ఓ ప్రమాణం కూడా అయింది.

మైక్రోసాఫ్టు ఊరుకోలేదు. 2006 డిసెంబరులో తన ఆఫీస్ ఓపెన్ ఎక్స్ఎమ్ఎల్‌కు ఎక్మా ఆమోదం పొంది, ఆఫీస్ 2007లో డాక్స్‌ను అప్రమేయం చేసింది. పాత కూర్పులవారు దానిని తెరవడానికి ఉచితంగా ఒక అనుబంధాన్ని ఇచ్చింది. ఐఎస్ఓ ఓటింగులో మన దేశం వ్యతిరేకించినా, 2008లో అదీ ప్రమాణమైంది.

డాక్స్ నిజానికి ఒక మూట. నకలు తీసి, పేరు చివర జిప్ అని మార్చి విప్పి చూడండి. వర్డ్ అనే సంచిలో డాక్యుమెంట్.ఎక్స్ఎమ్ఎల్ కనబడుతుంది. మనం వ్రాసినదంతా అందులో యూనికోడ్ అక్షరాలుగా ఉంటుంది. వర్డ్ లేకున్నా చదువుకోవచ్చు. ఓపెన్‌డాక్యుమెంట్ దస్త్రమూ ఇటువంటి మూటే.

అయితే మన తెలుగువారికి ఇక్కడొక చిక్కున్నది. యూనికోడ్ ప్రచారంలోకి రాకముందు మనవారు టైపు చేసిన పుస్తకాలలో అనేకం ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు బొమ్మలను కూర్చిన ఫాంట్లతో తయారైనవి. అటువంటి డాక్ దస్త్రాన్ని డాక్స్‌గా భద్రపరిస్తే మూట మారుతుందే గాని లోపలి సరకు మారదు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే కనబడేది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపే.

కనుక మిత్రులారా, మొదట అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులూ గుణింతాలూ సరిచూసి, ఆ తరువాతే కొత్త రూపంలో భద్రపరచండి. మూలప్రతిని, దాని ఫాంటును కూడా పారవేయవద్దు. తాళపత్రాన్ని కాగితానికెక్కించిన లేఖకునికి ముందు ఆ లిపి తెలిసి ఉండాలి. మన ఫాంట్ల లిపి తెలిసినవారు ఇంకా ఉండగానే ఈ పని పూర్తికావాలని నా కోరిక.