సాంబ మసూరి వంశంలో కమల

చిన్న రసం మామిడి టెంక నాటితే చిన్న రసమే కాస్తుందన్న భరోసా లేదు. అందుకే బాపులపాడు నుంచి నూజివీడు దాకా తోటలన్నీ అంట్ల మీదే నిలబడ్డాయి. కొమ్మ తెచ్చి అంటు కడితే తల్లిచెట్టు రుచి తప్పదు. బంగాళాదుంపదీ అదే దారి: కన్నున్న ముక్క కోసి నాటితే పాత రకమే మళ్లీ మొలుస్తుంది. చిక్కంతా ఆ మంచి రకంలో ఒక లోపం ఉన్నప్పుడే. దాన్ని పోగొట్టడానికి మరో రకంతో సంకరం చేస్తే లోపంతోపాటు రుచీ చెదిరిపోతుంది. చల్లని గిడ్డంగిలో బంగాళాదుంప పిండి చక్కెరగా మారి, వేయిస్తే ముక్క నల్లబడుతుంది. అమెరికాలో దశాబ్దం కిందట రేంజర్ రస్సెట్ అనే రకంలో అందుకు కారణమైన జన్యువును పనిచేయకుండా ఆపి, మిగతా గుణాలన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచగలిగారు. జన్యు సవరణలో నాకు విలువైనదిగా కనిపించేది ఇదే.

ఈ పని తెలుగు నేల మీద జరిగింది వరిలో. బాపులపాడు మండలానికి మామిడి తోటల మెట్ట ఒక వైపైతే, ఏలూరు కాలువ నీటితో పండే మాగాణి రెండో వైపు. ఆ మాగాణిలో బీపీటీ అంటే తెలియని రైతు ఉండడు.

బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, 1986లో బాపట్ల పరిశోధన స్థానం నుంచి విడుదలైంది. దాని వంశంలో మూడు రకాలున్నాయి. కోయంబత్తూరులో 1921 నాటికి ఎంపికైన జీఈబీ 24 ఒకటి. అది మన కోనామణి వరిలో తనంతట తానుగా జరిగిన జన్యు మార్పుతో పుట్టిందని చెబుతారు. ఆ మార్పును ఏ శాస్త్రవేత్తా తలపెట్టలేదు. చేలో తేడాగా ఉన్న మొక్కను గుర్తుపట్టి ఎంచుకున్నారంతే. పొట్టి మొక్క లక్షణం తైవాన్ రకం తైచుంగ్ నేటివ్ 1 నుంచి వచ్చింది. మూడోది మలేసియా నుంచి వచ్చిన మసూరి.

సాంబ మసూరి అన్నం బాగుంటుంది, ధర పలుకుతుంది. కానీ పంట చేతికి రావడానికి 145 నుంచి 150 రోజులు పడుతుంది. గాలివానకు చేను పడిపోతుంది. బాక్టీరియా ఎండు తెగులు సోకితే ఆకు నిలవదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, నేడు ఐఐఆర్ఆర్‌గా పిలిచే వరి పరిశోధన సంస్థ కలిసి, సొంటి రమేష్, ఆర్.ఎం. సుందరం వంటివారి కృషితో ఆ తెగులుకు విరుగుడు కనిపెట్టాయి. మూడు నిరోధక జన్యువులను సంకరంతో తెచ్చి, ప్రతి తరంలోనూ సాంబ మసూరితోనే మళ్లీ కలుపుతూ గింజ నాణ్యతను నిలబెట్టారు. 2008లో విడుదలైన మెరుగైన సాంబ మసూరి వెనక ఏళ్ల తరబడి సాగిన ఓపిక ఉంది.

జన్యు సవరణకు అంత దూరం నడవనక్కర్లేదు. 2005లో జపాన్ శాస్త్రవేత్తలు వరి కంకిలో గింజల సంఖ్యను అదుపు చేసే జన్యువును గుర్తించారు. కంకి పెరుగుదలకు తోడ్పడే సైటోకైనిన్ అనే హార్మోనును విరగ్గొట్టే ఎంజైమును అది తయారు చేస్తుంది. ఎంజైము తగ్గితే హార్మోను నిలుస్తుంది, గింజలు పెరుగుతాయి. 2012లో ఇమాన్యుయెల్ షార్పెంటియె, జెన్నిఫర్ డౌడ్నా జన్యువులను కోసే క్రిస్పర్ కత్తెరను చూపాక, ఆ ఒక్క జన్యువునే ఎంచుకుని కోయడం వీలైంది. కోతకు వాడిన పరికరపు జన్యువు తర్వాతి తరాల్లో విడిపోతుంది. అది లేని మొక్కలనే ఉంచుకుంటారు. బీటీ పత్తిలో బాక్టీరియా జన్యువు శాశ్వతంగా ఉంటుంది. తేడా అక్కడే. పరాయి జన్యువు లేని ఇలాంటి సవరణలకు కేంద్రం 2022 మార్చిలో జన్యుమార్పిడి (జీఎం) పంటల నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది.

2025 మే 4న ఢిల్లీలో రెండు సవరించిన వరి రకాలను ప్రకటించారు. రెండింటి తల్లులూ తెలుగు రకాలే. గింజల సంఖ్యను అదుపు చేసే ఆ జన్యువునే సవరించి సాంబ మసూరి నుంచి ఐఐఆర్ఆర్ తీసినది కమల. మారుటేరులో పుట్టిన ఎంటీయూ 1010 (అదే మన కాటన్‌దొర సన్నాలు) నుంచి ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఐఏఆర్ఐ తీసినది పూసా డీఎస్టీ రైస్ 1. ఇది ఉప్పు, చౌడు నేలల కోసం. కమల హెక్టారుకు సగటున 5.37 టన్నులు ఇస్తుందనీ, తల్లికన్నా 19 శాతం ఎక్కువనీ, దాదాపు 20 రోజులు ముందే కోతకొస్తుందనీ రూపకర్తలు చెప్పారు.

నా దృష్టిలో దిగుబడికన్నా ఆ 20 రోజులే పెద్ద సంగతి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కృష్ణా డెల్టాలో కోతకొచ్చిన వరి నీళ్లపాలైంది. నవంబరులోనే కోత పూర్తయితే ఆ దెబ్బ తప్పుతుంది, వెనక మినుముకూ అదను దొరుకుతుంది.

అయితే 2025 అక్టోబరులో జీఎం వ్యతిరేక కూటమి, భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) సొంత పరీక్షల నివేదికలనే చూపి, రూపకర్తలు చెప్పిన ఈ అంకెలను ప్రశ్నించింది. ఐసీఏఆర్ ఆరోపణలను తోసిపుచ్చింది. క్రిస్పర్ పేటెంట్లు విదేశీ సంస్థల చేతుల్లో ఉన్న మాటా మరవకూడదు. ఐసీఏఆర్ ఖండన ఒక్కటే రైతుకు చాలదు. ఏ ఊళ్లో, ఏ చేలో, ఎంత పండిందో తెలుగులో అచ్చువేసి రైతు సేవా కేంద్రాల్లో పెట్టాలి. ఏలూరు కాలువ కింద రైతుల పొలాల్లోనే కమలనూ సాంబ మసూరినీ పక్కపక్కన వేసి చూపించాలి. విత్తనం ధర, దాచుకుని మళ్లీ నాటుకునే హక్కు ముందే రాసి ఇవ్వాలి.