అరకు కాఫీ: పండు ఎరుపు, రైతు బ్రతుకు

హాలియా ధాన్యం కొనుగోలు కేంద్రంలో రైతు తన వడ్లకుప్ప ప్రక్కన నిలబడి, తేమ కొలిచే యంత్రం ఏ అంకె చూపుతుందోనని ఎదురు చూస్తాడు. 17 శాతం దాటితే మరల ఆరబోయవలసినదే. పంట పండించటంతో పని తీరదనీ, గింజను సిద్ధపరచటంలో సగం కష్టం ఉన్నదనీ సాగరు ఎడమ కాలువ క్రింది రైతుకు వేరుగా చెప్పనక్కరలేదు. ఈ సంగతే తూర్పు కనుమల గిరిజనుల చరిత్రలో ఎట్లు పనిచేసినదో చూద్దాం.

హాలియా ఎండలకు అరబికా కాఫీ నిలువదు. దానికి చల్లని కొండగాలి, చెట్ల నీడ కావలెను. సుమారు 900 మీటర్ల ఎత్తుగల అరకు, పాడేరు ప్రాంతాలలో ఈ రెండూ ఉన్నవి. మన్యంలో తొలి కాఫీ మొక్కలు 1898లో పాములేరు లోయలో నాటినట్లు చెబుతారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ 1970 దశాబ్దం నుండి గిరిజనుల చేత కాఫీ వేయించసాగినది. అడవిని నరికి కాల్చే పోడు సేద్యానికి బదులు నీడచెట్లను నిలిపే పంట ఇవ్వటం దీని ఉద్దేశం. నేడు అక్కడ సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ మ్రానునే అల్లుకొన్న మిరియపు తీగ సామాన్యంగా కనిపిస్తవి.

చెట్టు వచ్చినది గాని ధర రాలేదు. ఒకటి రెండు ఎకరాల రైతు పచ్చికాయ, పండు, ఎండుకాయ అన్నీ ఒకేసారి దూసి, ఎండబెట్టి, సంత వర్తకునికి తూకానికి అమ్మేవాడు. తూకమే ధర అయినప్పుడు ఎర్రని పండునే ఏరాలని ఎవరికి తోచును? పైగా పండ్లన్నీ ఒకేనాడు పండవు. మూడు నాలుగు సార్లు కోయవలెను. ఆ అదనపు కూలికి ప్రతిఫలం ఉండాలి కదా!

ఇక్కడ శాస్త్రం కొంత తెలియాలి. పచ్చికాయ గింజ వగరుగా ఉంటుంది. కోసిన పండు కుప్పలో నిలువ ఉంటే పులిసి దుర్వాసన పట్టును. కాబట్టి అదేరోజు తోలు తీసి, గింజపై జిగురు వదిలించి, కడిగి, తేమ 10, 11 శాతానికి దిగేవరకు నెమ్మదిగా ఆరబెట్టాలి. దాదాపు ఆరు కిలోల పండుకు ఒక కిలో గింజ మాత్రమే వస్తుంది. ఇందుకు కావలసిన యంత్రం, నీరు, ఆరబోసే చోటు ఒక చిన్నరైతుకు అందేవి కావు. పదిమంది పండు ఒకచోట చేరితేనే పని జరుగును. అయితే ఒకరి పచ్చికాయలు పదిమంది సరుకునూ చెడగొట్టును. అందుచేత కాఫీలో సహకారం అంటే పెట్టుబడిని పంచుకోవటమే కాదు, జాగ్రత్తను పంచుకోవటం కూడా.

1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం సభ్యులే తమ సంఘాన్ని నడుపుకొనే వీలు కల్పించినది. ఆ చట్టం క్రింద, నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో, 2007లో అరకులో చిన్న, సన్నకారు గిరిజన రైతుల సంఘం ఏర్పడినది. ఎర్రని పండుకు మేలైన ధర, ఊరిదగ్గరే సేకరణ, కేంద్ర స్థానంలో శుద్ధి అన్నవి దాని పద్ధతి. 2009 నుండి రుచి నిపుణుల ముందు ఊళ్ళవారీగా కాఫీ పోటీలు కూడా సాగినవి. తన గింజ రుచి ఏమిటో రైతు తెలుసుకొన్నది అప్పుడే. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరచినారు. 2018లో అక్కడి ప్రీ ఎపిక్యూర్ పోటీలో బంగారు పతకం వచ్చినది. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు లభించినది.

అయినా నాణ్యత సర్వరోగనివారిణి కాదు. 1989లో అంతర్జాతీయ కాఫీ కోటాలు రద్దు కాగా ప్రపంచమంతటా ధర కూలినది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను నీడచెట్లను కూల్చి తోటలను ఎండకు వదిలినది. కాఫీ మొక్క కాపుకు రావటానికే మూడు నాలుగు ఏండ్లు పట్టును గనుక ఆ నష్టం ఒక్క ఏటితో తీరేది కాదు. ఇటువంటప్పుడు మిరియాలు, ఇంటి తిండిగింజలు రైతును నిలబెట్టినవి.

తుఫానును రైతు ఆపలేడు, ప్రపంచపు ధరనూ ఆపలేడు. ఏ పండు కోయాలో, ఎవరితో కలిసి అమ్మాలో నిర్ణయించటం మాత్రం అతని చేతిలోకి వచ్చినది. వడ్లకుప్ప ప్రక్కన నిలబడిన హాలియా రైతుకు ఆ మాట విలువ తెలియనిది కాదు.