చిరునామా దొరకని జవాబు: 404 సంఖ్య చరిత్ర

పోస్టుమాను మన ఉత్తరమును తిరిగి తెచ్చి యిచ్చినపుడు మనము ముందుగా కవరు పైభాగమును చూతుము. "ఈ పేరు గలవారు ఇచ్చట లేరు" అనియో, "ఇల్లు మారినారు" అనియో అచ్చట వ్రాసియుండును. కవరు విప్పనవసరము లేదు. వెబ్ సర్వరు కూడ ఇట్లే చేయును. మనము కోరిన పేజీ తన వద్ద లేనపుడు అది పంపు జవాబులో రెండు భాగములుండును. కవరు మీద మూడంకెల సంఖ్య యుండును. లోపల మనుష్యులు చదువుకొనుటకు ఒక పేజీ యుండును. సంఖ్యను బ్రౌజరు మొదలగు యంత్రములు చదువును. పేజీని మనము చదువుదుము. ఈ రెండును ఒకే మాట చెప్పవలెను. చెప్పనిచో ఏమగునో వెబ్ చరిత్రలో పలుమారులు రుజువైనది.

మొదట అసలు కవరే లేదు. జెనీవా నగరము వద్దనున్న సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్-లీ 1990వ సంవత్సరాంతమున మొదటి వెబ్ సర్వరును నడిపెను. 1991 నాటి హెచ్.టి.టి.పి. నియమావళి మిక్కిలి చిన్నది. బ్రౌజరు "గెట్" అను మాటను, పేజీ చిరునామాను పంపును. సర్వరు పేజీని పంపి సంబంధమును తెంచివేయును. పేజీ లేనపుడు "లేదు" అను వాక్యమును గూడ సర్వరు ఒక పేజీగనే పంపెడిది. వచ్చినది సరియైన జవాబో, దోషమును తెలుపు జవాబో, అందలి మాటలను చదివి గ్రహించుట తప్ప వేరు మార్గము లేదని ఆ నియమావళియే ఒప్పుకొనినది. చదువువాడు భౌతికశాస్త్రజ్ఞుడైనంతవరకు చిక్కు లేదు. చదువునది మరియొక యంత్రమైనచో?

దీనికి పరిష్కారము అప్పటికే సిద్ధముగ నుండెను. అమెరికాలో ఆర్పానెట్ మీద ఒక కంప్యూటరు నుండి మరియొక కంప్యూటరునకు ఫైళ్ళను పంపుటకు ఎఫ్.టి.పి. అను పద్ధతి యుండెను. అందలి జవాబుల సంఖ్యలను 1974లో జాన్ పోస్టెల్ సవరించి క్రమపరచెను. మొదటి అంకెను చూచినంతనే పని నెరవేరినదా లేదా అని తెలియును. 2 అయినచో నెరవేరినది. 4 అయినచో ఇప్పటికి కాలేదు, మరల ప్రయత్నింపవచ్చును. 5 అయినచో మరల అడిగినను ప్రయోజనము లేదు. తక్కిన రెండంకెలు తెలియని యంత్రము కూడ మొదటి అంకెతో పని గడుపుకొనవచ్చును. బెర్నర్స్-లీ 1992లో ఈ పోకడనే గైకొని, అర్థములను కొంత మార్చెను. హెచ్.టి.టి.పి.లో 4తో మొదలగునది అడిగినవాని వైపు దోషము. 5తో మొదలగునది సర్వరు వైపు దోషము. 200 అనగా సరి. 404 అనగా పేజీ దొరకలేదు. 500 అనగా సర్వరు లోపలనే ఏదో చెడినది. 1996 మే నెలలో వెలువడిన హెచ్.టి.టి.పి. 1.0 పత్రములోను, 2022 జూన్ నాటి పత్రములోను 404 అర్థము మారలేదు.

సెర్న్‌లో 404వ నంబరు గది యొకటి యుండెడిదనియు, ఫైళ్ళు అచ్చట దొరకక పోవుటచే ఈ సంఖ్య పుట్టినదనియు ఒక కథ ప్రచారములో నున్నది. కథ ముచ్చటగానే యున్నది గాని నిజము కాదు. బెర్నర్స్-లీతో కలిసి పనిచేసిన రాబర్ట్ కాయో 2017లో దీనిని త్రోసిపుచ్చెను.

ఇక లోపలి పేజీ సంగతి. తొలినాళ్ళలో విరివిగా వాడబడిన సర్వరు ఇల్లినాయి విశ్వవిద్యాలయమునకు చెందిన ఎన్.సి.ఎస్.ఏ. సంస్థలో రాబ్ మెకూల్ వ్రాసినది. అందు దోషవాక్యములు ప్రోగ్రాము లోపలనే బిగింపబడి యుండెను. సామాన్య పాఠకునకు అవి బోధపడెడివి కావు. సర్వరు యజమానికి తన మాటలలో చెప్పుకొను వీలు లేదు. 1994లో మెకూల్ సంస్థను వీడగా ఆ సర్వరు అభివృద్ధి మందగించెను. దానిని వాడుచు ఎవరికి వారు అతుకులు వేసికొనుచున్నవారిలో ఎనిమిదిమంది 1995 ఫిబ్రవరిలో ఒక బృందముగా నేర్పడిరి. వారి సర్వరే అపాచీ. ఎన్.సి.ఎస్.ఏ. 1.3ను పునాదిగా గొని వారు చేర్చిన సదుపాయములలో "ఎర్రర్‌డాక్యుమెంట్" ఒకటి. అమరిక ఫైలులో ఆ మాట వ్రాసి, ప్రక్కన 404 వంటి సంఖ్య వ్రాసి, ఆపైన మూడింటిలో ఒకటి వ్రాయవలెను: ఒక వాక్యము, లేదా అదే సర్వరులోని ఒక పేజీ త్రోవ, లేదా వేరొక చోటి పూర్తి చిరునామా. పేజీకి బదులు చిన్న ప్రోగ్రామును గూడ ఉంచవచ్చును. పాఠకుడు అడిగిన చిరునామా ఏదో సర్వరు దానికి అందజేయును గనుక, తెగిన లింకులను యజమాని కనిపెట్టి సరిచేసికొనవచ్చును. నా దృష్టిలో ఈ సదుపాయమునకు అసలు విలువ తెచ్చినది ఇదియే. బొమ్మలతో అలంకరించిన పేజీలు పిదప వచ్చిన వేడుక.

ఒక తమాషా గలదు. ఆ దోషపు పేజీయే లోపించినచో అపాచీ తన పాత వాక్యమునే పంపి, దోషమును తెలుపబోవుచు మరియొక దోషము కలిగినదని క్రింద చేర్చును. చెడిన డేటాబేసు మీద ఆధారపడు 500 పేజీ ఇట్టి అవస్థకే లోనగును.

మూడు విధములలో చివరిది ప్రమాదకరము. పూర్తి చిరునామా వ్రాసినచో సర్వరు 404 అని చెప్పదు; "అచ్చటికి పొమ్ము" అను అర్థము గల 302ను పంపును. బ్రౌజరు అచ్చటికి పోవును. అచ్చట పేజీ యున్నది గనుక 200 వచ్చును. కవరు మీద "చేరినది" అని, లోపల "లేదు" అని! సంకేతపదము నడుగు 401 విషయములో నిది మరింత చెరుపు. ఆ సంఖ్య తనకు అందనందున బ్రౌజరు సంకేతపదమును అడుగనే అడుగదు.

1999లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 మరియొక వింత చేసెను. 404 పేజీ 512 బైట్ల కంటె చిన్నదైనచో దానిని ప్రక్కకు నెట్టి, తన సొంత పేజీని చూపెడిది. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు 3 బైట్లు పట్టును గనుక, 171 సంకేతములతోనే ఆ హద్దు దాటవచ్చును. ఆంగ్లమున వ్రాయువారికి అందుకు మూడింతలు వ్రాయవలసి వచ్చెను.

ఒక్క సర్వరు అబద్ధమాడినచో నష్టము కొద్ది. 2003 సెప్టెంబరు 15న జరిగినది వేరు. డాట్ కామ్, డాట్ నెట్ పేర్ల పట్టికను నిర్వహించు వెరిసైన్ సంస్థ, ఎవరును నమోదు చేయని పేరు నడిగినను "లేదు" అనుట మాని, తన సైట్ ఫైండర్ పేజీ గల చిరునామాను ఇయ్యసాగెను. తప్పు టైపు చేసినవారికి సహాయమని ఆ సంస్థ చెప్పినది. కాని పేర్లను అడుగునది బ్రౌజరులే కావు. పంపినవాని డొమైను నిజముగ నున్నదా యని చూచి దొంగ ఉత్తరములను ఆపు మెయిల్ సర్వరులకు ఒక్కసారిగా ప్రతి పేరును ఉన్నట్లే కనబడెను. నిపుణులు మండిపడిరి. ఐకాన్ సంస్థ పట్టుబట్టగా అక్టోబరు 4న దానిని నిలిపివేసిరి.

లోపల "లేదు" అని వ్రాసి, పైన 200 అంటించిన పేజీలకు "సాఫ్ట్ 404" అని పేరు. వెబ్‌లో తెగిన లింకులను లెక్కింపబూనిన బార్-యోసెఫ్, బ్రోడర్, కుమార్, టాంకిన్స్ అను పరిశోధకులకు 2004లో ఇవియే పెద్ద అడ్డంకి యయ్యెను. వారి ఉపాయము సులువైనది. అర్థము లేని అక్షరములను కూర్చి, ఎన్నడును ఉండజాలని పేజీ నొకదానిని ఆ సర్వరునే అడిగిరి. దానికిని 200 అని జవాబు వచ్చినచో ఆ సర్వరు మాటను నమ్మరాదు.

ఈ పరీక్షను విద్యార్థులు తమ పాఠశాల వెబ్ చోటు మీదనే చేయవచ్చును. కంప్యూటరు బ్రౌజరులో ఎఫ్12 మీట నొక్కి, నెట్‌వర్క్ అను భాగమును తెరచి, చిరునామా చివర నోటికి వచ్చిన అక్షరములను చేర్చి ఎంటర్ నొక్కవలెను. పేజీలో ఏమి వ్రాసియున్నను, మొదటి వరుసలో స్టేటస్ క్రింద కనబడు సంఖ్యను చూడవలెను.