ఎయిలెరాన్‌లో ‘ఎయిర్’ లేదు
విమానాలు కట్టి ఎగరేసే ‘కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్’ ఆటలో విమానం ఓ పక్కకు పొర్లిపోతుంటే మావాడు ‘ఎయిర్‌లాన్’ను తిట్టాడు. ఆ మాటలో గాలి లేదు, రెక్కే ఉంది. లాటిన్ ‘ఆలా’ అంటే రెక్క. ఫ్రెంచిలో అది ‘ఎల్’, దాని పిల్ల ఎయిలెరాన్. ఫ్రెంచివాళ్లకు అది మొదట పక్షి రెక్క కొస, సొరచేప వీపు మీది రెక్క కూడా. విమానాలొచ్చాక రెక్క వెనక అంచున ఆడే పలక అయింది. తెలుగు ‘రెక్క’ మరీ ఉదారం, తలుపునూ ఫ్యానునూ కూడా కలుపుకుంది. కుడి ఎయిలెరాన్ లేచి ఎడమది దిగితే విమానం కుడికి ఒరుగుతుంది. మావాడి ఆటలో దాన్ని విమానం నడుము దగ్గర బిగిస్తే పట్టు చాలదు, రెక్క కొసకు జరపాలి; తోక పలకలకు రోల్ (పక్కకు పొర్లడం) ఆపేసి పిచ్ (ముక్కు ఎత్తడం, దించడం) ఒక్కటే ఉంచాలి. ఈ ‘రోల్’ను కొందరు దొర్లడం అంటారు. పొర్లుదండాలు పెట్టే జాతికి పొర్లడమే సరైన మాట.