ఆట కొన్నాక ఇంకెంత?

మొన్న మే నెలలో దుమ్ముగూడెం వైపు మా బాబాయి వాళ్ళ ఊరెళ్ళాను. భద్రాచలం దాటి గోదావరి వెంట పోతే వచ్చే చిన్న ఊళ్ళలో అదొకటి, ఇళ్ళ వెనక నుంచే అడవి మొదలు. అది తునికాకు సీజను. తెల్లారకముందే ఊరంతా అడవిలో ఉంటుంది, మధ్యాహ్నానికి ప్రతి అరుగు మీదా ఆకు కట్టలు కడుతూ కనిపిస్తారు. ఫోన్ సిగ్నల్ మాత్రం మా బాబాయి డాబా మీద తప్ప సరిగ్గా ఎక్కడా రాదు. అందుకని సాయంత్రం అయితే చాలు, కుర్రాళ్ళంతా ఆ డాబా మీదే.

వాళ్ళలో తొమ్మిదో తరగతి చదివే పిల్లాడొకడు దగ్గరకొచ్చి "అన్నా, నీకు ఫోన్‌పే ఉందా?" అన్నాడు. ఉందన్నాను. మడతలు పడిన వంద నోటు చేతిలో పెట్టి "డైమండ్లు వేయవా" అన్నాడు. ఏదో కాల్చుకునే ఆట, పేరెందుకు లెండి. 100 డైమండ్లు 80 రూపాయలు. మరి వంద ఎందుకిచ్చావురా అంటే "బజార్ల షాపాయన వంద తీసుకుంటడన్నా" అన్నాడు. అంటే ఉచితంగా దొరికే ఆటలో, 80 రూపాయల సరుకుకి వాడు కట్టే ధర 100. తునికాకు కట్టంటే 50 ఆకులు. కట్టకి 3 రూపాయలు వేసుకున్నా ఆ నోటు విలువ 1,600 పైచిలుకు ఆకులన్నమాట.

ఆట ధర ఇంత అని ఒకటి ఉన్నాక, దాని మీద ఇంకా కట్టడం అనే అలవాటు ఎక్కడ మొదలైంది? హైదరాబాద్ తిరిగొచ్చాక ఇదే పనిగా చదువుతూ కూర్చున్నాను.

అసలు ధర మీద అదనంగా కట్టడం మన తెలుగువాళ్ళకి కొత్తేమీ కాదు. ఖమ్మంలో మొదటి రోజు మొదటి ఆటకి గేటు పక్కన బ్లాకులో టికెట్ కొన్నవాళ్ళని అడగండి. ఇప్పుడైతే అది ప్రభుత్వ అనుమతితోనే జరుగుతోంది. 2024 డిసెంబరు 4న పుష్ప 2 ప్రీమియర్లకి టికెట్ మీద 800 రూపాయలు అదనంగా వసూలు చేసుకోవచ్చని తెలంగాణ ప్రభుత్వం జీవో ఇచ్చింది. గేమ్‌లలోనూ అచ్చంగా ఇలాంటిది ఉంది. 2023 సెప్టెంబరులో స్టార్‌ఫీల్డ్ వచ్చినప్పుడు మామూలు ధర 70 డాలర్లు, 100 డాలర్ల ఎడిషన్ కొన్నవాళ్ళకి 5 రోజులు ముందే ఆట తెరుచుకుంది. బెనిఫిట్ షో అన్నమాట :)

బ్లాకు టికెట్‌లో ఒక విషయం గమనించండి. ఆ పై డబ్బు నిర్మాతకి చేరదు, గేటు దగ్గర నిలబడ్డవాడి జేబులోకి పోతుంది. సినిమా కోసం 50 ఇవ్వగలిగినవాడూ 500 ఇవ్వగలిగినవాడూ ఒకే లైన్లో ఉన్నారని వాడికి తెలుసు, నిర్మాత కౌంటర్‌కి తెలీదు. వీడియో గేమ్‌ల చరిత్రంతా, నా లెక్క ప్రకారం, నిర్మాత ఆ బ్లాకువాడి విద్య నేర్చుకున్న చరిత్రే.

మొదట్లో ఆర్కేడ్లు ఉండేవి. అమెరికాలో పావలా డాలరు బిళ్ళ వేస్తే ఆట. ఓడిపోతే తెర మీద "కంటిన్యూ?" అని 9, 8, 7... అంకెలు దిగుతుంటాయి. అవి సున్నాకి చేరేలోపు ఇంకో బిళ్ళ వెయ్యాలి. 1985లో అటారీ గేమ్స్ వాళ్ళ గాంట్లెట్ ఇంకో అడుగు వేసింది. అందులో ఎవడూ కొట్టకపోయినా మన ఆరోగ్యం దానంతటదే తగ్గిపోతూ ఉంటుంది, బిళ్ళ వేస్తే పెరుగుతుంది. 1990లో డబుల్ డ్రాగన్ 3 అమెరికా వెర్షన్‌లో ఏకంగా ఆట లోపలే దుకాణం పెట్టారు, నిజం బిళ్ళలు వేస్తే ఆయుధాలు, కొత్త ఆటగాళ్ళు. జనానికి నచ్చలేదు. జపాన్ వెర్షన్‌లో ఆ దుకాణాలే లేవు.

ఆ తర్వాత ఇళ్ళలోకి కంప్యూటర్లు, కన్సోళ్ళు వచ్చాక కొన్నాళ్ళు పద్ధతిగానే నడిచింది. డబ్బా కొంటే ఆట మొత్తం మీదే. ఇంకా కావాలంటే ఎక్స్‌పాన్షన్. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 వచ్చింది 1999లో, దాని కాంకరర్స్ 2000లో. పెట్టిన డబ్బుకి కొత్త జాతులు, కొత్త యుద్ధాలు వచ్చేవి, గిట్టుబాటయ్యేది. మన దగ్గర మాత్రం ఆటకి ఇంత ధర ఉంటుందన్న సంగతే చాలామందికి తెలీదు. నేను వైస్ సిటీ ఆడింది కొత్తగూడెంలో ఒక నెట్ సెంటర్‌లో, గంటకి 15 రూపాయలు. ఆ డబ్బు కుర్చీకి, కరెంటుకి. ఆట కాపీదే. ఇంజనీరింగ్ హాస్టల్లోనూ అంతే, ఒకడి హార్డ్‌డిస్కు వింగ్ మొత్తానికి.

విచిత్రం ఏంటంటే, ఈ కాపీలే తర్వాతి కథకి కారణం. డబ్బా అమ్మితే కాపీ కొట్టేస్తారు, అందుకని ఆటని సర్వర్ మీద పెట్టి ఉచితంగా ఇచ్చి, లోపల వస్తువులు అమ్మితే? సర్వర్ మీద ఉన్న కత్తిని ఎవడు కాపీ కొడతాడు? కొరియాలో నెక్సాన్ కంపెనీ ఈ దారిలో ముందు నడిచింది. వాళ్ళ మేపుల్‌స్టోరీ జపాన్ వెర్షన్‌లో 2004లో గాచాపాన్ టికెట్ పెట్టారు. 100 యెన్ల టికెట్, లోపల ఏం వస్తుందో తెలీదు. మన కిరాణా కొట్లో అట్టకి అంటించి ఉండే లక్కీ చీటీలు గుర్తున్నాయా? అదే. కాకపోతే ఆ అట్టకి చీటీలు అయిపోయేవి.

అమెరికా వాళ్ళకి 2006 ఏప్రిల్ గుర్తుండిపోయింది. ఆబ్లివియన్ అనే ఆటలో గుర్రానికి కవచం అమ్మకానికి పెట్టారు, 200 మైక్రోసాఫ్ట్ పాయింట్లు, అంటే రెండున్నర డాలర్లు. ఆ పాయింట్లేమో కట్టలు కట్టలుగా అమ్మేవాళ్ళు. గుర్రానికి కవచమేంటని ప్రపంచమంతా నవ్వింది. నవ్వినవాళ్ళలో చాలామంది కొన్నారు కూడా. 2009 అక్టోబరులో ఆపిల్ ఉచిత యాప్‌లలో కూడా లోపల కొనుక్కునే వీలు ఇచ్చింది. అసలు ధర అనేదే లేకుండా పోయింది అక్కడే. 60 డాలర్ల డబ్బా ఎక్కువ అనిపించేది కానీ, అదొక హద్దు. ఎంత పిచ్చి ఉన్నా 60 దగ్గర ఆగేవాడు. సున్నాతో మొదలయ్యే ఆటకి పైన కప్పు లేదు. నూటికి తొంభై పైచిలుకు మంది పైసా కట్టరు, కట్టే కొద్దిమందిలో కొందరు లక్షలు కడతారు. వాళ్ళని ఈ వ్యాపారంలో "వేల్స్" అంటారు, తిమింగలాలు.

తర్వాత గొడవలు మామూలే. 2012 మేలో జపాన్, చీటీల మీద చీటీలు కూడగట్టే "కంప్లీట్ గాచా"ని చట్టవిరుద్ధమంది. 2017లో చైనా ఏది ఎంత శాతం వస్తుందో బయటపెట్టమంది. అదే ఏడాది నవంబరులో స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2 మీద జనం విరుచుకుపడితే ఈఏ కంపెనీ విడుదలకి ముందు రాత్రి కొనుగోళ్ళు ఆపేసింది. 2018 ఏప్రిల్లో బెల్జియం లూట్ బాక్సులు జూదమేనంది. మనలాంటివాళ్ళు చదవాల్సింది మాత్రం 2022 డిసెంబరు నాటి ఎపిక్ గేమ్స్ కేసు. ఫోర్ట్‌నైట్‌లో బటన్లు ఎలా అమర్చారంటే, ఆట నిద్ర నుంచి లేస్తున్నప్పుడో, వస్తువుని ఊరికే చూద్దామని పక్క బటన్ నొక్కినప్పుడో డబ్బు కట్ అయ్యేదని అమెరికా ఎఫ్‌టీసీ అభియోగం. 24.5 కోట్ల డాలర్లు వాపసుకి ఒప్పుకున్నారు. ఆ బటన్ పెట్టింది ఎవరు? మనలాంటి ఎవడో ఒకడు, స్ప్రింట్‌లో టికెట్ తీసుకుని.

నేను గేమ్‌లు రాయను. కానీ మా ఆఫీసులో పేమెంట్ పేజీ మీద "ఆఫర్ ముగియడానికి ఇంకా 09:59" అని దిగే గడియారం రాసింది నేనే. పేజీ రిఫ్రెష్ చేస్తే మళ్ళీ 10 నిమిషాల నుంచి మొదలవుతుంది. దాన్ని చూసినప్పుడల్లా ఆర్కేడ్ తెర మీద 9, 8, 7 గుర్తొస్తోందిప్పుడు. ఆటల మీద నేను కట్టిన లెక్క కూడా చెప్పాలి కదా, జీమెయిల్‌లో రసీదులు వెతికి కూడితే ఒక్క ఏడాదికి 14 వేల పైచిలుకు. అన్నీ 89, 179 లాంటి ముక్కలే, ఏ ఒక్కటీ గుర్తు లేదు.

మన చట్టాలు దీన్ని ఇంకో వైపు నుంచి చూస్తాయి. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ లాంటివాటిని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అందులో అడిగేది ప్రధానంగా ఒకటే, కట్టినవాడు డబ్బో దానికి సమానమైనదో గెలవాలని ఆశిస్తున్నాడా అని. తుపాకీకి రంగు కోసం కట్టేవాడు ఏ డబ్బూ ఆశించడు. గెలిచే అవకాశం బొత్తిగా లేని చోట పెట్టే ఖర్చుని ఆ ప్రశ్న పట్టుకోదు. రమ్మీలో అప్పుడప్పుడన్నా ఎవడో ఒకడు గెలిచేవాడు!

ఆ రోజు డాబా మీద సంగతి పూర్తి చేస్తాను. 80 కట్టి, 20 వెనక్కిచ్చాను. పిల్లాడు వెంటనే చక్రం తిప్పాడు, ఒకసారికి 60 డైమండ్లు. ఏదో చొక్కా వచ్చింది. "ఇది నా దగ్గరున్నదే" అన్నాడు, పెద్దగా బాధపడలేదు. మిగిలినవి 40. ఇంకోసారి తిప్పాలంటే 20 తక్కువ. కాసేపు ఫోన్ వైపు చూసి, నేనిచ్చిన ఇరవై నోటు జేబులోంచి తీసి "దీనికి వస్తయా అన్నా?" అన్నాడు. రావురా, మళ్ళీ వందే కొనాలి అన్నాను. సరేనని నోటు జేబులో పెట్టుకుని, పొద్దున నాలుగింటికి లేవాలని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.